పెంట కుడుముల వాయిదా

మా దల్బాత్ ఊళ్లో పెద్దల చావడి వెనక ఒక మరుగుదొడ్డి ఉండేది. ఇప్పుడు లేదు. లేకపోయినా తలచుకుంటే చాలు, తిన్నది గొంతులోకి వస్తుంది. మట్టి గోడలు, పైన తుప్పు పట్టిన రేకు, కింద గొయ్యి, గొయ్యి మీద రెండు చెక్కపలకలు. వేసవిలో దాని మీదుగా ఎగరాల్సిన కాకులు, ముక్కు మూసుకుందామంటే చేతుల్లేక, చుట్టూ తిరిగి కొండ మీదుగా పోయేవి. నమ్మనివాళ్లు కొండవతల ఊరికి పోయి అడగండి. మా కాకుల్ని కూడా తామే మేపాల్సి వచ్చిందని ఇప్పటికీ మా మీద గుర్రుగా ఉన్నారు.

దొడ్డి పక్కన నారింజరంగు తీపి కాయల పెర్సిమన్ చెట్టు ఒకటి. దాని కాయలంత పెద్ద కాయలు ఆ చుట్టుపక్కల ఏ చెట్టుకీ కాసేవి కావు. ఒక్కరూ కోసేవారు కాదు. అవి ఏం తిని అంత లావయ్యాయో అందరికీ తెలుసు.

దాన్ని పూడ్చి కొత్తది కట్టించాల్సినవాడు మా ఊరిపెద్ద మేంగ్. నాకంటే చిన్నవాడే, నన్ను అన్నా అని పిలుస్తాడు. జుట్టుకు నల్లరంగు వేసి, నూనె రాసి, నున్నగా వెనక్కి దువ్వుకుంటాడు. దొడ్డి కోసం వచ్చిన సిమెంటు బస్తాలు ఏనాడో అతని కొట్టంలో చేరాయి. చేరి, తేమ పీల్చి, రాళ్లయ్యాయి. వాటి మీద కోళ్లు పడుకునేవి.

పని ఎందుకు మొదలవలేదంటే అతని దగ్గర ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉండేది. మా దొడ్లలో ఒక అమ్మవారు ఉంటుంది. పొడుగాటి జుట్టు కాళ్ల చుట్టూ పరుచుకొని, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. చెప్పకుండా లోపలికి వెళితే ఉలిక్కిపడి లెక్క తప్పుతుంది, ఆ కోపంతో జుట్టు మన మీదికి విసురుతుంది. అందుకని గుమ్మం బయట దగ్గి మరీ లోపలికి వెళతాం. అలాంటి చోట గడ్డపార వేయాలంటే దయ్యాలు ఊళ్లో లేని రోజు చూసుకోవాలి. చాంద్రమాసంలో తొమ్మిదో రోజూ పదో రోజూ అలాంటివి. తొమ్మిదిన వాన పడేది. పదిన మేంగ్ మిరపచేనుకు మందు కొట్టాల్సి వచ్చేది. మళ్లీ మంచిరోజు వచ్చేసరికి ఊళ్లో ఎవరో పోయేవారు, మైల. ఆఖరికి అతనికి బ్రహ్మాండమైన మాట దొరికింది.

"వచ్చే ఏడు అధిక మాసం ఉంది కదా. ఆ నెలంతా దేవతలకూ దయ్యాలకూ సెలవు. చచ్చినవాళ్ల గోరీలే కదిలిస్తారు ఆ నెలలో, దొడ్డి ఎంత? తొందరెందుకు?"

ఆ ఏడు వచ్చింది. దానితో పాటు మాకు ఇంగ్లీషు కూడా వచ్చి పడింది. మరుసటి వేసవిలో ప్రపంచమంతా ఫుట్‌బాల్ ఆడటానికి మా దేశానికి వస్తుందని, అందుకని ముసలివాళ్లంతా ఇంగ్లీషు నేర్చుకోవాలని పైనుంచి ఎవరో అనుకున్నారు. బంతి తన్నేవాడు మా ఊరొచ్చి వెల్లుల్లి బాగా పండిందా తాతా అని అడుగుతాడని వాళ్ల ఆశ కాబోలు. వారానికి ఒకసారి పట్నం నుంచి బాన్ అనే టీచరమ్మ చిన్న కారులో వచ్చేది. సన్నటి పిల్ల, గట్టి గొంతు.

మేము వెళ్లింది కాలక్షేపానికి. పువ్వుల బొమ్మల పేకాట ఆడి ఆడి ఒకరి మొహం ఒకరికి విసుగెత్తింది. నిజంగా చదువుకోవడానికి వచ్చింది ఒక్క సునిమ్ వదిన. ఎనభై దాటిన మనిషి, కొండ మీద చెస్ట్‌నట్ తోట పక్కన ఒక్కతే ఉంటుంది. చిన్నప్పుడు తమ్ముళ్లని వీపున కట్టుకొని మోయడంతోనే ఆమె బడి వయసు అయిపోయింది. ఈ క్లాసు కోసం కొత్త రబ్బరు చెప్పులు కొనుక్కుంది, తెల్లవి. మోకాలు పట్టుకొని, కర్ర ఆనించుకొని, అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చునేది. నేను ఆట పట్టించబోతే, "తాక్, నువ్వు బడికెళ్లి పాడుచేసుకున్నావు. నన్ను ఇప్పుడైనా వెళ్లనీ" అనేది.

ఒకరోజు టీచరమ్మ నల్లబల్ల మీద ఏదో రాసింది.

"చేయాల్సిన పనిని ఇప్పుడు చేయకుండా తర్వాతకి నెట్టేస్తే ఇంగ్లీషులో పుట్ ఆఫ్ అంటారు" అంది.

"ఎంత దూరం నెట్టొచ్చమ్మా?" అన్నాను.

"మీ ఇష్టం తాతగారూ. రేపటికి, వచ్చే నెలకి."

"మా మేంగ్‌కి ఏం సరిపోతుంది అది."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మేంగే నవ్వాడు. అతనికి సిగ్గు కూడా వాయిదా మీదే ఉంటుంది.

ఆ మాట చివర శబ్దం మా భాషలో లేదు. కింది పెదవిని పై పళ్లతో నొక్కి గాలి ఊదమంది. పళ్లున్నవాళ్లు నొక్కారు. నేను ఊదిన ఊపుకి నా కట్టుడు పళ్లు ఊడి, గాల్లో ఒక పల్టీ కొట్టి, మేంగ్ ముందున్న బార్లీ నీళ్ల గిన్నెలో పడ్డాయి. అతను గిన్నె పక్కకి జరిపి, "ఆగన్నా, క్లాసయ్యాక తీద్దాం" అన్నాడు. క్లాసయ్యేదాకా నేను నోరు మూసుకొని కూర్చోవలసి వచ్చింది. ఆ పూట పాఠం బాగా సాగిందని టీచరమ్మ మెచ్చుకుంది.

మరుసటి వారం ఆ మాటతో తలా ఒక వాక్యం తెమ్మంది. నేను వారమంతా కష్టపడి "మేంగ్ పుట్ ఆఫ్ టాయిలెట్" అని తెచ్చాను. మేంగ్ లేచి, జుట్టు సవరించుకొని, "ఐ పుట్ ఆఫ్ నథింగ్" అన్నాడు. చావడి పైకప్పు లేచిపోయేలా నవ్వులు. చివరికి సునిమ్ వదిన వంతు వచ్చింది. ఆమె గోడ పట్టుకొని నెమ్మదిగా లేచింది.

"ఐ పుట్ ఆఫ్ వాటర్" అంది. ఆ చివరి శబ్దం ఆమె ఒక్కత్తే సరిగా పలికింది.

టీచరమ్మ తల పక్కకి వంచింది. "బామ్మగారూ, ఏం చెప్పాలనుకున్నారు? నీళ్లని ఎలా వాయిదా వేస్తాం?"

"అదే చెప్పాలనుకున్నానమ్మా. క్లాసున్న రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగను. ఇంటికెళ్లి తాగుతా."

"ఎందుకని?"

వదిన వెనక గోడ వైపు చూసి, తల దించుకుంది.

"తాగితే వెళ్లాలి కదమ్మా. అందులోకి వెళ్లలేను. ఇంటికెళ్లి మళ్లీ కొండ దిగి రాలేను."

"పోయిన వారం కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారే, అందుకేనా?"

"వయసు లేమ్మా" అంది వదిన.

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టి, మేము వద్దంటున్నా వినకుండా వెనక్కి నడిచింది. అంతదాకా ఆమెకు ఆ దొడ్డి లోపలి సంగతి తెలియదు, పట్నం చేరాకే చూసుకునేది. దగ్గకుండా తలుపు లాగింది.

లోపల ఏముందో నేను చెబుతాను, భోజనం ముందున్నవాళ్లు కాసేపు ఆగండి. గొయ్యి నిండి పలకల అంచుదాకా వచ్చి, పైన అట్ట కట్టి, ఆ అట్ట నెమ్మదిగా ఊపిరి పీలుస్తున్నట్టు పొంగుతూ అణుగుతూ ఉండేది. తెల్ల పురుగులు తిరునాళ్లకి వచ్చినట్టు గోడలెక్కి తిరిగేవి. ఈగలు ఎంత బలిసి ఉండేవంటే ఒక్కోటి మన భుజం మీద వాలితే ఆ భుజం వంగేది. వాసన కళ్లలోకి పోయేది ముందు, ముక్కులోకి తర్వాత.

టీచరమ్మ బయటికొచ్చి పెర్సిమన్ చెట్టు పట్టుకొని పొద్దున తిన్న అన్నం, కిమ్చీ అంతా కక్కేసింది. మేంగ్ వెనకే వెళ్లి ఆమె వీపు నిమురుదామా వద్దా అన్నట్టు చేయి గాల్లో పెట్టి, "దగ్గలేదు కదా టీచరమ్మా? లోపలికి వెళ్లే ముందు దగ్గాలి" అన్నాడు.

ఆ దొడ్డి కంపు నేను ఏళ్ల తరబడి పీల్చాను. ఆ మాట కంపు మాత్రం ఆ రోజే మొదటిసారి తగిలింది. ఆ వెంటనే ఇంకోటి కూడా తగిలింది. వదిన నీళ్లు తాగడం లేదన్న సంగతి మాలో ఆడవాళ్లందరికీ తెలుసు. వాళ్లూ తాగడం లేదు. మగవాళ్లం మేము గోడ చాటుకి పోయి నిలబడేవాళ్లం కనుక మాకు అడగాలనిపించలేదు.

టీచరమ్మ మూతి తుడుచుకొని చెప్పింది. "ఇక్కడ నేను క్లాసు నడపలేను. కొండవతల ఊళ్లో హాలుంది, దొడ్డి బాగుంది. అక్కడికి మారుస్తాను."

"ఆ కొండ నేను ఎక్కలేనమ్మా" అంది సునిమ్ వదిన. కర్ర రెండు చేతుల్తో పట్టుకొని నిలబడింది. టీచరమ్మ ఆమె వైపు చూసి, మేంగ్ వైపు చూసింది.

"అధిక మాసమే కదా మీరనేది? అది అయ్యేదాకా ఉంటాను. ఆ తర్వాత వెళ్లిపోతాను."

"అధిక మాసం మొదటి రోజునే గడ్డపార దించుతా" అన్నాడు మేంగ్, గుండె మీద చేయి వేసుకొని.

అధిక మాసం వచ్చింది. దానితో పాటు వరినాట్లు వచ్చాయి. "ఊరంతా పొలంలో ఉంటే గొయ్యి ఎవరు తవ్వుతారన్నా? నాట్లు కానీ." నాట్లు అయ్యాయి. వెల్లుల్లి పీకడం వచ్చింది. వెల్లుల్లి అయింది. ఎండ ముదిరింది. "ఇంత వేడిలో గొయ్యి తెరిస్తే ఊరికి రోగం వస్తుంది. కాస్త చల్లబడనీ." దేవతలంతా సెలవు మీద పోయినా మా మేంగ్ పని ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే కూర్చుంది. నాకు అతని మొహం చూస్తే, నున్నగా దువ్విన ఆ జుట్టు చూస్తే, అన్నం ముద్ద దిగేది కాదు.

నెల సగానికొచ్చింది. ఆ రోజు ఉక్కగా ఉంది. వదిన పెదవులు పగిలి ఉండటం చూసి టీచరమ్మ బలవంతాన గిన్నెడు బార్లీ నీళ్లు తాగించింది. పాఠం సగంలో వదిన లేచింది. ఎక్కడికో అందరికీ అర్థమైంది, అందరం నల్లబల్ల వైపు చూశాం. వెనక నుంచి ఆమె దగ్గు వినిపించింది. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత గొయ్యి మీది చెక్కపలక విరిగిన చప్పుడు.

పరుగెత్తాం. విరిగిన పలక సందులో వదిన ఎడమకాలు తొడదాకా దిగిపోయి ఉంది. రెండు చేతుల్తో గోడ పట్టుకొని, మొహం పక్కకి తిప్పుకొని, కళ్లు మూసుకొని ఉంది. నేనూ మేంగూ చంకల కింద చేతులు వేసి లాగాం. కాలు వచ్చింది. తెల్ల రబ్బరు చెప్పు రాలేదు. అట్ట మళ్లీ మూసుకుపోయింది, ఏమీ జరగనట్టు.

చెట్టు కింద పీట వేసి కూర్చోబెట్టాం. టీచరమ్మ గొట్టంతో నీళ్లు పోస్తూ తన చేతుల్తో ఆ కాలు కడిగింది. ఈసారి ఆమె కక్కలేదు. నేను కక్కాను. వదిన ఏడుస్తుందనుకున్నాను.

"నేను దగ్గాను" అంది. "మీరంతా విన్నారు కదా. అమ్మవారి తప్పేం లేదు."

మేంగ్ మొహం పాలిపోయింది. ఎందుకంటే మా వైపు దొడ్డిలో పడ్డవాళ్లు ఊరుకోకూడదు. బియ్యప్పిండితో కుడుములు చేసి, ముందు అమ్మవారికి పెట్టి, తర్వాత ఇంటింటికీ పంచాలి. పెంట కుడుములు అంటాం. పంచకపోతే పడ్డ మనిషి ఏడు తిరక్కుండా పోతుందని చెబుతారు. నమ్మకం ఉందా అని అడిగితే ఎవరూ లేదనరు, ఉందనరు, కుడుములు మాత్రం చేస్తారు. అదీ అదే రోజు.

"వదినా, లే, కుడుములు చేయాలి" అన్నాడు మేంగ్. "నా భార్యని పంపుతా, పిండి తడుపుతుంది. ఇవాళే అయిపోవాలి. ఇది వాయిదా వేసే పని కాదు."

వదిన తల పైకెత్తి అతన్ని చూసింది. పై పళ్లతో కింది పెదవి నొక్కింది.

"పుట్ ఆఫ్" అంది.

"ఏంటి వదినా?"

"కుడుములు. పుట్ ఆఫ్. ఇంత వేడిలో పిండి పులిసిపోతుంది. కాస్త చల్లబడనీ."

"హాస్యానికి ఇదా సమయం? నీ ప్రాణం మీదికి వస్తుంది."

"కొత్త దొడ్డి లేవనీ. అందులోకి నేను వెళ్లి వచ్చిన రోజు కుడుములు చేస్తా. ఈలోగా ప్రాణం పోతే పోనీ. బడి పోయాక ప్రాణంతో నాకేం పని? ఇంట్లో కూర్చొని గోడలకి ఇంగ్లీషు చెప్పనా?"

ఆడవాళ్లంతా ఒక్కసారి మేంగ్ వైపు తిరిగారు. అప్పుడు నేను నా వంతు సాయం చేశాను.

"తమ్ముడూ, పడ్డవాళ్లకే కాదురా" అన్నాను, గొంతు తగ్గించి. "నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో గోమ్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. దొడ్డి పలక మార్చమంటే రేపు రేపు అన్నాడు. ఒకావిడ పడింది. కుడుములు పంచలేదు. ఆవిడకి ఏం కాలేదు, తొంభై ఏళ్లు బతికింది. పలక మార్చాల్సినవాడి జుట్టు రాలడం మొదలైంది. రాలిన వెంట్రుక నేల మీద ఉండేది కాదు. పాములా జరజరా పాక్కుంటూ పోయి గోతిలోకి దూరేది. అమ్మవారు తన లెక్కలో కలుపుకునేది. జుట్టయ్యాక కనుబొమ్మలు, కనుబొమ్మలయ్యాక ముక్కులో వెంట్రుకలు. ఆఖరికి ఆయన ఉడకబెట్టిన గుడ్డులా తయారై, ఎండలోకి వస్తే జనం కళ్లు మూసుకునేవాళ్లు. ఆ మెరుపు చూసి నేనే ఒకసారి కాలవలో పడ్డాను."

"నీ కోతలు ఆపన్నా" అన్నాడు మేంగ్. ఒక చేత్తో తల తడుముకుంటూనే అన్నాడు.

మరునాడు తెల్లవారగానే మా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో దువ్వెన. దాన్ని నా కళ్ల ముందు పెట్టాడు.

"చూడన్నా. ఇంత జుట్టు రాలడం మామూలేనా?"

నేను దువ్వెన వెలుతురులోకి పట్టి, తిప్పి తిప్పి చూసి, పెద్దగా నిట్టూర్చి, తిరిగిచ్చేశాను.

ఆ మధ్యాహ్నానికి పట్నం నుంచి పెంట తోడే లారీ వచ్చింది. డ్రైవరు ఒక్కడే వచ్చాడు, గొట్టం పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలన్నాడు. ఊరంతా ముక్కులకి గుడ్డలు కట్టుకొని దూరంగా నిలబడి మేంగ్ వైపు చూసింది. అతనే పట్టుకున్నాడు. లారీ గుర్రుమని లాగడం మొదలుపెట్టింది, గొట్టం కొండచిలువలా మెలికలు తిరిగింది, మధ్యలో ఏదో అడ్డుపడి ఆగింది. వదిన రబ్బరు చెప్పే అయుంటుంది. డ్రైవరు తన తెలివి చూపించి గాలి వెనక్కి తోశాడు. గొట్టం మేంగ్ చేతుల్లోంచి జారింది. తర్వాత జరిగింది నేను రాయను, రాస్తే కాగితం కంపు కొడుతుంది. అతని నల్లరంగు జుట్టు ఆ పూట రంగు మారిందని మాత్రం చెప్పి ఊరుకుంటాను. బావి దగ్గర ఎన్ని బిందెలు పోసుకున్నాడో, అతని భార్య రెండు రోజులు అతనికి అన్నం గుమ్మం బయటే పెట్టింది.

రాళ్లయిన బస్తాలు గోతిలో వేసి పూడ్చారు. కొత్త సిమెంటు వచ్చింది. ఏళ్ల తరబడి లేవని దొడ్డి అధిక మాసం వెళ్లేలోపు లేచింది. తెల్లటి పింగాణీ పీట, నీళ్ల తొట్టి, గోడకి వదిన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ. ఇంత సులభమైన పని. అదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. కష్టమైన పని ఆలస్యమైతే ఏదో సర్దుకుంటాం. రెండు వారాల పని కోసం ఒక ముసలిది నోరెండగట్టుకొని కూర్చుంటే, దాని పక్కనే కూర్చొని మేమంతా పళ్లు ఇకిలించాం.

వదిన వెళ్లి వచ్చింది. నీళ్లు పారిన చప్పుడు అందరం విన్నాం. ఆ సాయంత్రమే కుడుములు ఉడికాయి, లోపల ఎర్ర బొబ్బర్లు పెట్టి. అమ్మవారికి పెట్టి, మిగతావి వెదురు బుట్టలో సర్దుకొని, పాత చెప్పులు వేసుకొని, ముందు మేంగ్ ఇంటికే వెళ్లింది. చూడాలని నేనూ వెనకే పోయాను.

"పెంట కుడుములు" అని పిలిచింది గుమ్మంలో నిలబడి. ఆ మాట పైకి అనాలి, ఆనవాయితీ.

మేంగ్ బయటికొచ్చాడు. ఎన్ని సబ్బులు అరగదీసినా అతని చుట్టూ ఆ వాసన ఒక చొక్కాలా వేలాడుతూనే ఉంది. కుడుము చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు చూసుకున్నాడు. కుడుము చూశాడు.

"లోపల పెట్టి తర్వాత తింటా వదినా."

"ఇప్పుడే తినాలి, నా ముందు. చల్లారిపోతుంది."

నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిన బుట్ట నడుముకి ఆనించుకొని చూస్తూ నిలబడింది.

"నమలడం రేపటికి పెట్టుకోకు మేంగ్" అంది.

నమిలాడు. మింగాడు. "నూరేళ్లు బతుకు వదినా" అన్నాడు, అదీ ఆనవాయితీయే. ఆ తర్వాత నాకూ ఒకటి ఇచ్చింది. బియ్యం మంచివి, బొబ్బర్లు మెత్తగా ఉడికాయి, తీపి సరిగ్గా కుదిరింది. అయినా మేంగ్ పక్కన నిలబడి తినడం వల్ల నాకు అది ఏ రుచి తగిలిందో చెప్పను. ఉమ్మలేదు. ఉమ్మితే వదినకి చెడు.

క్లాసు మా ఊళ్లోనే ఉంది. తర్వాతి వారం టీచరమ్మ వచ్చేసరికి వదిన ముందు వరసలో కూర్చొని ఉంది, గుమ్మం దగ్గర ఆమె కొత్త రబ్బరు చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. అవి ఎవరు తెచ్చారో ఎవరూ చెప్పలేదు, మేంగ్ మాత్రం వాటి వైపు చూడకుండా లోపలికొచ్చాడు. దొడ్డికి ఇంకా తలుపు లేదు. అడిగితే, "పంటల పండగ వెళ్లనీ" అన్నాడు. టీచరమ్మ కారులోంచి దుప్పటి తెచ్చి తనే గుమ్మానికి కట్టింది.

పాఠం మధ్యలో వదిన గిన్నెడు బార్లీ నీళ్లు గటగటా తాగి, కాసేపటికి లేచి వెళ్లింది. దుప్పటి ముందు దగ్గు వినిపించింది, తలుపున్న రోజుల కంటే గట్టిగా. తిరిగొచ్చి కూర్చొని, ఖాళీ గిన్నె ముందుకు జరిపింది.

"ఇంకో గిన్నె పోయండి."

కెటిల్ మేంగ్ దగ్గర ఉంది. ఈసారి ఆగమనలేదు. వెంటనే లేచి, ఆమెకు పోసి, వరసగా అందరికీ పోసుకుంటూ వచ్చాడు. గిన్నె అంచు పట్టుకున్న అతని బొటనవేలు చూసి నేను మాత్రం, దాహంగానే ఉన్నా, ఇంటికెళ్లి తాగుదామని పక్కన పెట్టాను.